చూడని మూడు సొరుగులు

పాత సామాన్ల వీధిలో ఆవిణ్ణి బోర్లా అక్క అంటారు. చాటున కాదు, ఎదురుగానే అంటారు. ఆవిడా పలుకుతుంది.

కుర్చీ చూపిస్తే ముందు దాన్ని బోర్లా వెయ్యమంటుంది. బల్ల చూపిస్తే తనే దాని కిందికి దూరుతుంది. బీరువా చూపిస్తే తలుపుల వైపు కన్నెత్తి చూడదు, గోడకీ దానికీ మధ్య సందులోకి వెళ్లిపోతుంది. సొరుగు ఉంటే ఊడదీసి, తలకిందులు చేసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, జ్వరం వచ్చిన పిల్ల వీపు నిమిరినట్టు దాని అడుగు నిమురుతుంది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. అంతా అయ్యాక ఒకే మాట. "తీసుకో." లేకపోతే, "వద్దు."

ఇంట్లోకి పాత సామాను కొనాలనుకునేవాళ్లు ఆ ఒక్క మాట కోసం ఆవిణ్ణి వెంటబెట్టుకుని వస్తారు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఉన్న ఇల్లే బోసిగా ఉందనిపించినవాళ్లు. ఆవిడ వద్దన్న వస్తువు ఇక ఆ వీధిలో అమ్ముడుపోదు. మొదటి కొట్లో అన్న మాట సాయంత్రానికి చివరి కొట్టుకి చేరుతుంది. కొట్లవాళ్లు ఆవిణ్ణి లోపల్లోపల తిట్టుకుంటారు, కూర్చోబెట్టి టీ ఇప్పిస్తారు, తమ ఇంటికి ఏదైనా కావలసివస్తే ఆవిణ్ణే పిలుస్తారు.

"ముఖం చూడవేంటక్కా?" అని ఒకాయన అడిగాడు.

"ముఖం మనకి చూపించడానికి చేసింది. కడిగి, తుడిచి, పాలిష్ పెట్టి నిలబెడతారు. అడుగు ఎవరూ చూడరనుకుని చేసింది. ఎవరూ చూడనిచోట దాన్ని చేసిన మనిషి ఎలా పనిచేశాడో, నాకు అది కావాలి."

అరవై రెండేళ్లు ఆవిడకి. బక్కపలచని మనిషి. వేళ్లు మాత్రం ఇంకెవరివో తెచ్చి పెట్టుకున్నట్టు పెద్దవి, మొనల దగ్గర గట్టిపడి గీతలు అరిగిపోయినవి. ఆ వేళ్లతో నలభై ఏళ్లపాటు కుర్చీల సీట్లకి కేన్, అంటే బెత్తపు చీలికలు, అల్లింది. అంతకుముందు తండ్రి అల్లేవాడు. ఒక పెద్ద ఆఫీసు వెనక వరండా వాళ్ల పనిచోటు. సీటు కుంగిన కుర్చీలన్నీ అక్కడ కాళ్లు పైకెత్తి వరసగా పడుండేవి. ఆ కాళ్ల మధ్యే పాకింది, ఆ కాళ్లు పట్టుకునే నిలబడింది, పలక మీద అక్షరాలు దిద్దిందీ అక్కడే.

పద్దెనిమిదో ఏట ఒక కుర్చీకి పాత కేన్ కోసేసి చట్రం తుడుస్తుంటే, ముందరి పట్టీ లోపలివైపు మూడు చుక్కలు కనిపించాయి. ఉలి మూలతో పొడిచినవి, ఆవగింజలో సగం. మూడూ సమానమైన దూరంలో. కూర్చునేవాడికి కనపడవు. తుడిచేవాడికి కనపడవు. కేన్ అల్లేవాళ్లకి మాత్రం, అదీ పాతది కోసినప్పుడు మాత్రం, ఏ ముప్ఫై ఏళ్లకో ఒకసారి కనపడతాయి.

"ఎవరికోసం నాన్నా ఇవి?"

తండ్రి కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. "మనకోసమే అయ్యుంటాయి," అన్నాడు.

ఆ రోజంతా ఆవిడ ఆ చుక్కల్ని తడుముతూనే ఉంది. ఎప్పుడో పోయిన మనిషి ఒకడు, ఇంకా పుట్టని తనని పలకరించి పోయాడు. పదకొండేళ్ల తర్వాత, వేరే ఊళ్లో, ఏదో కోర్టు నుంచి బాగుకి వచ్చిన కుర్చీ కింద మళ్లీ అవే మూడు చుక్కలు. చేతిలో కత్తెర వదిలేసి, పెద్దవాళ్లు వస్తే నిలబడినట్టు లేచి నిలబడింది. పక్కన పనిచేసేవాళ్లు ఏదో పురుగు కుట్టిందనుకున్నారు.

అప్పటినుంచి ఏ వస్తువు కనపడినా కిందికి వంగడం అలవాటైపోయింది. ఆఫీసులన్నీ ప్లాస్టిక్ కుర్చీలకి మారి కేన్ పని అడుగంటాక, ఆ అలవాటే బతుకుతెరువైంది. తన గదిలో మాత్రం కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు తప్ప ఇంకేం లేదు.

"ఊరందరి ఇళ్లూ నింపుతావు, నీకొక మంచి కుర్చీ లేదేంటక్కా?" అని తమ్ముడు దెప్పుతాడు.

"మంచి కుర్చీ తెచ్చుకుంటే దాన్నే చూస్తూ కూర్చుంటాను. పనెప్పుడు చేసుకోను?"

"కూర్చుంటానంటావు. మరి దేనిమీద కూర్చుంటావు?"

"నేల మీద. దాని కింద."

ఆ తమ్ముడు ఇరవై నాలుగేళ్లు అద్దె ఇళ్లలో ఉండి, ఈ మధ్యే రెండు గదుల ఇల్లు ఒకటి సొంతం చేసుకున్నాడు. ఆ ఇరవై నాలుగేళ్లలో వాళ్లు తొమ్మిది ఇళ్లు మారారు. ప్రతిసారీ ఇల్లంతా అట్టపెట్టెల్లోకి ఎక్కి, అట్టపెట్టెల్లోంచి దిగింది. మరదలి వస్తువులు ఎప్పుడూ ఇంకొకరి వస్తువుల కిందే ఉండేవి. ఏదైనా తీసుకోవాలంటే ముందు ఆయనవి తియ్యాలి, పిల్లవి తియ్యాలి, అడుగున తనవి. కొత్త ఇంట్లోకి వచ్చిన రోజు ఆమె ఒకటే అడిగింది. "వదినా, కిటికీ పక్క గోడ నాకు వదిలెయ్యమన్నాను. అక్కడికి పాతకాలపు సొరుగుల బీరువా ఒకటి చూసిపెట్టు. నాదంటూ ఒకటి."

సోమవారం ఇద్దరూ వీధికి వెళ్లారు. వానాకాలం. కొట్లన్నీ తడి చెక్క వాసన వేస్తున్నాయి. మూడో కొట్టు ఆఖరిమాటది. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ బేరానికైనా "ఇదే నా ఆఖరి మాట" అంటాడు, ఆ తర్వాత గంటసేపు మాట్లాడతాడు.

కొట్టు వెనక, చీకటి మూలలో ఉందది. నడుమెత్తు టేకు బీరువా. తలుపుల్లేవు, ఒకదాని కింద ఒకటి అయిదు సొరుగులు, పైది చిన్నది, కిందికి పోయేకొద్దీ పెద్దవి. మరదలు దాని ముందు ఆగిపోయింది. కదల్లేదు. చెయ్యి చాపి, తాకకుండా వెనక్కి తీసుకుంది.

"ఇదే వదినా," అంది మెల్లిగా.

"ఉండు. నన్ను చూడనీ."

వానకి చెక్క ఉబ్బి మధ్య మూడు సొరుగులూ బిగుసుకుపోయాయి. ఎంత లాగినా రాలేదు. పైదీ అడుగుదీ మాత్రం వచ్చాయి. అక్క ముందు పైది బోర్లా వేసింది. ముందరి చెక్కనీ పక్క చెక్కనీ మూల దగ్గర కలిపేటప్పుడు, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పళ్లు కోసి కలుపుతారు. పై సొరుగు పళ్లు చూస్తే కోసినట్టు లేవు, మొలిచినట్టున్నాయి. వెనక చెక్క మీద పెన్సిలుతో ఒకటి అంకె, ఒక్క గీటులో నిటారుగా, పక్కన ఒక చిన్న చుక్క. ఆవిడ ముఖం విప్పారింది. తర్వాత అడుగు సొరుగు ఒళ్లో పెట్టుకుంది. వేలు ఆనించిన మరుక్షణం ఆగిపోయింది. పళ్లు బాగానే ఉన్నాయి, కానీ ఇది ఆ చెయ్యి కాదు. రంపం వేరే వైపు నుంచి నడిచింది. వెనక అయిదు అంకె వంకర్లు తిరిగి, వేరే ఎవరో రాసినట్టుంది.

ఒకే వస్తువులో రెండు చేతులు కనపడితే అది రెండు వస్తువులు. ఎక్కడో విరిగిన బీరువా పైభాగం, ఇంకెక్కడో దొరికిన కిందిభాగం కలిపి నిలబెడతారు. వీధిలో దాన్ని జోడుసరుకు అంటారు. ఇన్నేళ్లుగా ఆవిడ పట్టుకున్న మోసాలన్నీ ఈ లెక్కనే పట్టుకుంది. ఒక్కసారీ తప్పలేదు.

"వద్దు," అంది లేస్తూ. "జోడుసరుకు."

మరదలి ముఖం వాడిపోయింది. వదిన మాటకి ఎదురు చెప్పే అలవాటు లేదు.

ఆఖరిమాట నెత్తి కొట్టుకున్నాడు. "అక్కా, ఒక్క ముక్కతో చంపేశావు కదా! ఇక దీన్ని ఎవరు చూస్తారు? గురువారం వడ్రంగి వస్తున్నాడు. విప్పించేసి చెక్కలుగా ఇచ్చేస్తాను. ఇదే నా ఆఖరి మాట."

"నీ ఇష్టమయ్యా."

అదే కొట్లో ఇంకో చిన్న బీరువా చూసి, దాని అడుగు నిమిరి, "ఇది తీసుకో" అంది అక్క. మరదలు తలూపింది.

గురువారం పొద్దున, తీసుకోబోయే ఆ చిన్న బీరువా కోసం గోడ కొలవడానికి అక్క తమ్ముడింటికి వెళ్లింది. టేపు ఒక చివర తమ్ముడు పట్టుకున్నాడు, రెండో చివర ఆవిడ. మరదలు కిటికీ దగ్గర నిలబడి బయట వాన చూస్తోంది.

"మా అక్క నన్నయినా బోర్లా వేసి చూశాకే తమ్ముడని ఒప్పుకుని ఉంటుంది," అన్నాడు తమ్ముడు, నవ్వించాలని.

"పెళ్లికి ముందు ఇంకోసారి వేసి చూసుంటే నాకు చెప్పి ఉండేది," అంది మరదలు. కానీ నవ్వలేదు. మామూలుగా అయితే ఈపాటికి ఇల్లంతా వినపడేది ఆమె నవ్వు.

అక్క టేపు కింద పెట్టింది. "ఏమ్మా, ఇంకా ఆ బీరువా మీదే ఉందా మనసు?"

"అదేం లేదు వదినా. నువ్వు వద్దన్నాక ఇంకేముంది."

"మరి ఆ ముఖం ఏంటి?"

మరదలు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "నాకేం తెలీదు వదినా, నేను పైపైన చూసేదాన్ని. కానీ దాని ముందు నిలబడినప్పుడు... ఆ సొరుగుల ముఖాల మీద చెక్క చారలున్నాయి చూశావా, పై సొరుగు మీద ఎడం పక్కన మొదలై, రెండోదాని మీదికి జారి, మూడోదాంట్లో కొంచెం వంపు తిరిగి, అలా అలా అడుగుదాకా దిగిపోయాయి. వానాకాలంలో గోడ మీద నీళ్లు కారినట్టు. మధ్యలో ఎక్కడా తెగలేదు. నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను. అది పోయింది కదా అని బాధ, అంతే."

అక్క ఖాళీ గోడ వైపు తిరిగి, ఆ అయిదు ముఖాలూ అక్కడే ఉన్నట్టు చూసింది.

చారలు తెగలేదంటే అయిదు ముఖాలూ ఒకే పలకలోంచి కోసినవి. ఒకే చెట్టు, ఒకే పలక, ఒకే పూట. అలాంటప్పుడు అది రెండు వస్తువులు కావడానికి వీల్లేదు. ఆ సంగతి చూడటానికి బోర్లా వెయ్యక్కర్లేదు, కళ్లు మూసుకోనక్కర్లేదు. ఎదురుగా నిలబడి చూస్తే చాలు. తను అదొక్కటీ చెయ్యలేదు.

"టైమెంతయిందిరా?" అంది.

"పది దాటింది. ఏం?"

"పదవే," అంది మరదలితో. "చెప్పులేసుకో. వడ్రంగి వచ్చేసుంటాడు."

ఇద్దరూ ఆటో ఎక్కారు. వానకి బండ్లన్నీ నత్తనడక నడుస్తున్నాయి. వీధి మొదట్లోనే దిగి, బురదలో అడుగులేసుకుంటూ వెళ్లారు. ఒక గొడుగు, అదీ సగం తిరగబడింది. కొట్టు ఇంకా పది గజాలుండగానే సుత్తి చప్పుడు వినపడింది. అక్క పరుగందుకుంది.

"ఆపు!" అని అరిచింది. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు పెంచడం వీధి వినలేదు. ఎదురు కొట్లోవాళ్లు బయటికొచ్చారు.

పైపలక ఊడిపోయి గోడకి ఆనించి ఉంది. వెనక చెక్కలు నాలుగూ విప్పేశారు. అందులో ఒకటి నిలువునా చీలింది. వడ్రంగి మోకాళ్ల మీద కూర్చుని, సుత్తి గాల్లో అలాగే పెట్టి చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, కనుబొమల నిండా చెక్కపొట్టు.

"ఏమైందక్కా?" అన్నాడు ఆఖరిమాట. "నువ్వేగా వద్దన్నావు!"

"అన్నాను. ఇంకోసారి చూడాలి."

"ఇంకోసారా? నువ్వా?" ఆయన ముక్కున వేలేసుకున్నాడు.

అక్క ఆయన్ని పట్టించుకోలేదు. బీరువాకి ఎదురుగా వెళ్లి నిలబడింది. చూసింది. మరదలు చెప్పినట్టే, చారలు పైనుంచి కిందికి దిగుతున్నాయి. ఒక్క చెట్టు మీద ఎన్ని వానలు పడ్డాయో అన్ని చారలు, అయిదు సొరుగుల మీదుగా, ఎక్కడా తెగకుండా.

"మధ్య సొరుగులు ఎవరైనా తీశారా?" అంది.

"బిగుసుకున్నాయిగా," అన్నాడు వడ్రంగి. "ఇప్పుడు వెనక విప్పాం కాబట్టి వెనకనుంచి నెట్టచ్చు."

కొయ్యసుత్తికి గుడ్డ చుట్టి, వెనకనుంచి మెల్లిగా కొట్టాడు. ముందు రెండోది కదిలింది. తర్వాత మూడోది. నాలుగోది మొండికేసి, మూలిగి, చివరికి వచ్చింది. గచ్చు మీద గోనెసంచి పరిచి, అయిదూ వరసగా బోర్లా పెట్టారు. అక్క వాటి ముందు చతికిలబడింది.

ఒకటో సొరుగు ఆవిడకి తెలుసు. మొలిచిన పళ్లు, నిటారు అంకె.

రెండోదీ అంతే. అదే చెయ్యి. కానీ ఒక మూల, కొయ్యబోయే ముందు గీసుకునే సన్నగీత రెండుసార్లు గీసి ఉంది. పక్కపక్కనే, వెంట్రుకవాసి తేడాతో. మొదటిది నచ్చక మళ్లీ గీసుకున్నట్టు.

మూడోదాంట్లో దాదాపు ప్రతి గీతా రెండుసార్లుంది. ఒకచోట మూడుసార్లు. కోత మాత్రం ఇంకా సరిగ్గానే ఉంది. మూడు అంకె తోక కొంచెం వణికింది.

నాలుగోదాని మీద అక్క వేలు పెట్టింది. రంపం గీత దాటింది. ఒకచోట కాదు, ఏడుచోట్ల. దాటిన ప్రతిచోటా ఉల్లిపొర లాంటి చెక్క చీలిక ఒకటి కోసి, చార చారతో కలిసేలా ఇరికించి అతికించారు. కంటికి ఆనదు. గోటికి మాత్రం తగులుతుంది.

"ఇదిగో, చూడు," అంది వడ్రంగితో. ఆయన చేతులు తుడుచుకుని వంగాడు. గోరు ఆనించాడు. ఒక చీలిక, రెండోది, మూడోది. ఏడూ వెతుక్కున్నాడు.

"పన్ను కొయ్యడానికి పావుగంట పడుతుంది," అన్నాడు. "ఇలాంటి చీలిక ఒక్కటి పెట్టడానికి ఒక పూట. నేనైతే సొరుగు పారేసి కొత్తది మొదలుపెడతాను."

"అదే పలక కదా. ఇంకోటి లేదు," అంది మరదలు. "చార తెగిపోతుంది."

వడ్రంగి తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత మళ్లీ సొరుగుని చూశాడు.

"చెయ్యి పట్టు తప్పుతోంది ఆయనకి," అంది అక్క. ఆ మాట పైకి అన్నట్టు ఆవిడకే తెలియలేదు. "ఒకటికీ నాలుగుకీ మధ్య... ఎన్నాళ్లు పట్టి ఉంటుంది ఇది చెయ్యడానికి?"

"మామూలుగా నెల. ఈయనకి ఏడాది పట్టి ఉండచ్చు."

ఇక అయిదోది. సోమవారం ఒళ్లో పెట్టుకుని వద్దన్న సొరుగు. అక్క దాన్ని తలుపు దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్లింది. ఇప్పుడు కళ్లు మూసుకోలేదు.

గీతలు మొదటాయనవే. అదే వాలు, అదే కొలత, అంకె పక్కన పెట్టే అదే చిన్న చుక్క. కానీ ఆ గీతలు నేరుగా లేవు. నీళ్లలో పడ్డ దారంలా వణికిపోయాయి. అయిదు అంకెని రాయడానికి చెయ్యి మూడుచోట్ల ఆగి బయల్దేరింది. వంకర్లు తిరిగి ఇంకెవరో రాసినట్టున్న అంకె, ఆయన రాసిందే.

కోసింది మాత్రం వేరే చెయ్యి.

"ఎడమచేతివాటం," అన్నాడు వడ్రంగి, ఆవిడ భుజం మీదుగా చూస్తూ. "పెచ్చు లేచింది ఇటువైపు. ఎడంచేత్తో కోస్తేనే అలా లేస్తుంది."

"ఆయన గీశాడు," అంది అక్క. "వీళ్లు కోశారు."

"అయినా కోత తిన్నగా ఉందే. గీత వంకరగా ఉంటే కోత తిన్నగా ఎలా వచ్చింది?"

ముగ్గురూ దగ్గరగా వంగారు. అప్పుడు కనపడింది. ప్రతి పన్ను పక్కనా వణికిన గీత ఉంది, ఆ గీత ఎటు వెళ్లాలనుకుందో అటు నడిచిన తిన్నని కోత ఉంది. కోసినవాళ్లు గీతను పాటించలేదు, కాదనీ అనలేదు. ఆయన చెయ్యి చెప్పలేకపోయినది విని కోశారు.

పని అయ్యాక చిత్రికతో రెండు తోపులు తోస్తే ఆ గీతలు పోతాయి. అందరూ తోస్తారు. మొదటి నాలుగు సొరుగుల్లో బయటి పక్కల మీద తోసే ఉంది, గీతలు మిగిలింది లోపలి మూలల్లోనే. ఈ ఒక్కదాంట్లో, ఈ ఒక్క చోట, చిత్రిక ఆనలేదు. వంకర గీత పక్కన తిన్నని కోత, ఇన్నేళ్లూ చీకట్లో, పక్కపక్కనే ఉండిపోయాయి.

గుమ్మంలో గుమిగూడినవాళ్లు కూడా మెడలు చాచి చూశారు.

"కొడుకై ఉంటాడు," అన్నాడు వడ్రంగి చివరికి.

"జీతానికి పెట్టుకున్నవాడేమో," అన్నాడు ఆఖరిమాట, కానీ గొంతులో బేరం లేదు.

"భార్య అయ్యుండచ్చుగా," అంది మరదలు.

అక్క మరదలి వైపు చూసింది. ఇరవై నాలుగేళ్లుగా చూస్తున్న ముఖమే. "అయ్యుండచ్చు," అంది.

తర్వాత లేచి, నడుం పట్టుకుని నిలబడి, గుమ్మంలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పింది. "సోమవారం నేను తప్పు చెప్పాను. రెండు సొరుగులు చూసి అయిదింటి మాట చెప్పాను. ఇది జోడుసరుకు కాదు. ఒకటే."

"అక్కా, ఈ మాట సోమవారమే చెబితే నా వెనక చెక్క మిగిలేది," అన్నాడు ఆఖరిమాట.

"చీలిన చెక్క నేను పెట్టిస్తానయ్యా."

"నేను పెడతాను," అన్నాడు వడ్రంగి వెంటనే. "కొత్త చెక్కే. ఈయన చేతిపనికి సాటి రాదు. వెనకవైపే కదా, గోడకి ఆని ఉంటుంది."

"వెనకవైపైతే ఈవిడ ముందు చూసేది అదే," అన్నాడు ఆఖరిమాట. వీధంతా ఒక్కసారిగా నవ్వింది. అక్క కూడా.

మరదలు మాత్రం నవ్వలేదు. అయిదో సొరుగు ముందు కూర్చుని ఉంది. వేలు చాపి, ఈసారి వెనక్కి తీసుకోకుండా, వణికిన గీత మీద పెట్టి, అది వెళ్లినట్టే మెల్లిగా నడిపించింది. వేలు కూడా వణికింది. తర్వాత తిన్నని కోత మీద నడిపించింది.

"నాకిస్తావా వదినా దీన్ని?" అంది, అది ఇంకా అక్క చేతిలో ఉన్నట్టు.

"నీదే కదే. నువ్వే చూశావు. నేనెక్కడ చూశాను?"

వెనక చెక్క బిగించేసరికి మధ్యాహ్నం మూడయింది. చిన్న బీరువా కొట్లోనే ఉండిపోయింది. బీరువా బరువు తగ్గాలని సొరుగులు తీసేసి, ఖాళీ చట్రాన్ని తోపుడుబండి మీద కట్టి పట్టా కప్పారు. తమ్ముడు కబురందుకుని, ఆఫీసుకి సెలవు చెప్పి అటే వచ్చాడు. సొరుగులు తలా ఒకటి అందుకున్నారు. ఒకటోది తమ్ముడు, రెండోది ఆఖరిమాట, మూడోది ఎదురు కొట్టాయన. వడ్రంగి నాలుగోది ఎవరికీ ఇవ్వలేదు. అయిదోది అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే బరువు. మరదలు దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది.

"అది నాకివ్వు," అన్నాడు తమ్ముడు. "నీ వల్ల కాదు."

"ఎందుకు కాదు?"

"బరువు."

"తెలుసు," అని నడవడం మొదలుపెట్టింది.

వాన సన్నబడింది కానీ ఆగలేదు. వీధిలో అందరూ చేతిలో పని ఆపి చూశారు, సొరుగులు ఎత్తుకుని వరసగా వెళ్తున్న ఈ మనుషుల్ని. బోర్లా అక్క తిరగబడ్డ గొడుగుని సరిచేసి మరదలి తల మీద పట్టింది.

"నాకొద్దు వదినా, దీని మీద పట్టు."

"నువ్వు తడుస్తున్నావే."

"తడిస్తే ఆరతాను. ఇది తడిస్తే ఉబ్బుతుంది."

అక్క గొడుగు ముందుకి వంచింది. మరదలి జుట్టు మీంచి, చెంపల మీంచి నీళ్లు కారుతున్నాయి. సొరుగు పొడిగా ఉంది. ఇద్దరూ అడుగు తప్పకుండా, గుంతలు చూసుకుంటూ, చాలా మెల్లిగా నడిచారు.